నాలుగో బ్లాకులో తెలుపు

2020 జూన్ 22, సోమవారం. ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. మ్యూనిక్ శివారు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో పద్నాలుగు డిగ్రీలు, పడమటి గాలి, తెల్లవారకముందే మొదలై ఇంకా ఆగని సన్నని వాన. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ నిమిషాన నేనన్న ఒక మాట ఒక ఆఫీసు సమావేశపు రికార్డులోకి ఎక్కింది. ఆ ఏడాది మా ఇంట్లో జరిగినవన్నీ ఆ మాట నుంచే బయల్దేరాయి.

"అది చచ్చిపోలేదు," అన్నాను.

మా అమ్మాయి వైశాలి తల తిప్పకుండానే, "అమ్మా, నేను మ్యూట్‌లో లేను," అంది.

ఆ ఇంట్లో బల్ల ఒక్కటే. ఒక చివర వైశాలి ఆఫీసు, మధ్యలో మనవరాలు మనోజ్ఞ మూడో తరగతి, రెండో చివర నేనూ, బీన్సూ, చాకూ. మూడు నెలలు ఉండి వెళ్దామని ఫిబ్రవరిలో వచ్చాను. విమానాలు ఆగిపోవడంతో అక్కడే ఉండిపోయాను. మనోజ్ఞ లెక్కల పుస్తకం మీదుగా ఎదురుగా చూస్తే వైశాలి పెద్ద తెర కనిపించేది. ఆ ఉదయం తెర మీద సముద్రపు అడుగు ఫోటో ఉంది. నలుచదరపు ఇనుప చట్రం, దాని లోపల కొమ్మలు కొమ్మలుగా తెల్లటి పగడం, దాని మీద ఎర్రటి అక్షరాల్లో "డెడ్".

ల్యాప్‌టాప్‌లోంచి ఆమె పై అధికారి హెర్ ఫోగ్ట్ గొంతు, ఎవరు మాట్లాడారని మర్యాదగా అడిగింది. మా అమ్మ, వంట గురించి ఏదో అంటోంది, అని వైశాలి ఇంగ్లీషులో చెప్పింది. విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం బోధించి, అందులో సగం కాలం మన్నారు సింధుశాఖలోనూ అండమాన్‌లోనూ పగడపు దిబ్బలు కొలిచిన నన్ను అలా పరిచయం చేయడం నాకు నచ్చలేదు. అయితే బీన్సు నా చేతిలోనే ఉన్నాయి. ఖండించడానికి సాక్ష్యం నాకు అనుకూలంగా లేదు.

వైశాలి ఆ ఉద్యోగంలో ఏప్రిల్‌లో చేరింది. తీరప్రాంతాల పర్యావరణ నివేదికలు తయారుచేసే చిన్న సలహా సంస్థ. పేరు రాయను. హిందూ మహాసముద్రంలోని ఒక ద్వీపదేశం తన పగడపు దిబ్బల చుట్టూ కొత్తగా రక్షిత ప్రాంతం ప్రకటించబోతోంది. దాన్ని బ్లాకులుగా విభజించారు. బతికిన పగడం ఇరవై శాతం దాటిన బ్లాకు లోపలి మండలంలోకి వస్తుంది. అక్కడ వల వేయకూడదు, లంగరు వేయకూడదు, అడుగు తవ్వకూడదు. దాటని బ్లాకు బయటి మండలంలోకి పోతుంది. నాలుగో బ్లాకు మీదుగా ఓడల కాలువ తవ్వాలని రేవువాళ్ళ కోరిక. కొలతకు వెళ్ళవలసిన జర్మన్ డైవర్లు లాక్‌డౌన్ వల్ల వెళ్ళలేకపోయారు. అందుకని అక్కడి పార్కు గార్డులే నీళ్ళలోకి దిగి ఫోటోలు తీసి పంపారు. ఆ ఫోటోలను శుభ్రం చేసి, వాటిలోంచి శాతాలు తీయడం వైశాలి పని. మధ్యంతర నివేదికలో నాలుగో బ్లాకుకు ఆమె లెక్క పదకొండు శాతం.

ఆ మధ్యాహ్నం వంటింట్లో అల్లుడు శ్రీచరణ్ నన్ను అడిగాడు. గుంటూరు మనిషి, భార్య మీద ఆధారపడిన వీసాతో వచ్చి, జర్మన్ నేర్చుకుంటూ, ఇల్లంతా నడుపుతున్నాడు.

"అత్తయ్యగారూ, తెల్లగా ఎముకలా ఉంటే చచ్చినట్టు కాదా అండీ?"

"పగడానికి రంగు సొంతం కాదు. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు రంగే దీనికి వస్తుంది, అది వండే తిండే దీనికి అందుతుంది. నీరు మరీ వేడెక్కితే ఆ నాచును బయటికి తోసేస్తుంది. అప్పుడు ఒళ్ళు అద్దంలా పారదర్శకమై కింద ఉన్న సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంటివాడు లోపలే ఉన్నాడు."

"మ్యూనిక్‌లో అయితే ఇంటివాడు పండగ చేసుకుంటాడండీ. అద్దె పెంచి ఇంకొకళ్ళని పెడతాడు."

"వీడికి ఆ అద్దే తిండి. నీరు చల్లబడి మళ్ళీ ఎవరైనా వచ్చేదాకా కడుపు మాడ్చుకుని బిగబట్టుకుని ఉంటాడు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉండగలడు."

"అయితే నా కేసేనండీ. డిపెండెంట్ వీసా మీద తెల్లబోయి కూర్చున్నా, బతికే ఉన్నా." సాంబారులో ఉప్పు చూసి, మళ్ళీ అడిగాడు. "మరి నిజంగా చచ్చినదాన్ని ఎలా గుర్తుపడతారు?"

"ఆగి చూస్తే తెలుస్తుంది. చచ్చిన గూడు మీద చర్మం ఉండదు. రెండు మూడు వారాల్లో దాని మీద పిచ్చి నాచు మొలిచి ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారిపోతుంది. రెండు నెలల తర్వాత కూడా తెల్లగానే ఉందంటే అది ఇంకా బతికే ఉందని."

వెనకనుంచి వైశాలి అంది: "ఆగి చూడటానికి ఏం లేదమ్మా. అలాంటి చోట్లకి ఒక్కో ఫోటోనే ఉంది."

నేను నమ్మలేదు. టూరిస్టులు లేక, చేతినిండా తీరిక ఉన్న గార్డులు, కళ్ళముందు దిబ్బ తెల్లబడుతుంటే ఒక్కసారే దిగి ఊరుకుంటారని నాకు తోచలేదు. కానీ ఆ రోజుకు నా దగ్గర ఉన్నది అనుమానమే.

సోమవారం సమావేశంలో తెలుగు తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు. నబీలా హైదరాబాద్ అమ్మాయి, మ్యూనిక్‌లో ఎం.ఎస్. చదువుతూ వైశాలి దగ్గర పార్ట్‌టైం చేసేది. కాలేజీ క్యాంటీను మూసేసినప్పటినుంచి శనివారాలు ఇసార్ నది అవతలి హాస్టల్ నుంచి సైకిల్ మీద మా ఇంటికి భోజనానికి వచ్చేది. ఆ శనివారం చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఆంటీ, మొన్న మీరు 'చచ్చిపోలేదు' అన్నరు కదా, నేను మైక్ బంద్ చేసి మస్తు నవ్విన. అక్క ఏమో వంట ముచ్చట అని చెప్పె."

"ఆ ఎర్ర అక్షరాలు పెట్టేది నువ్వేనా?"

"నేనే ఆంటీ. ఫోటో మీద వంద చుక్కలు పడ్తయ్. ఒక్కో చుక్క కింద ఏమున్నదో రాయాలె. ఇసుక, రాయి, నాచు, లైవ్, డెడ్. తెల్లగుంటె డెడ్ అని రూల్ షీట్ల ఉన్నది."

"తెల్లగా ఉండి బతికి ఉన్నదానికి గడి లేదా?"

"ఉంటె పెట్టకపోదునా? నాకేం దుష్మనీ ఉన్నదా దాంతోని?" పప్పు వడ్డించుకుంటూ, పెద్ద విషయమేమీ కానట్టు అంది: "రెండో ఫోటోలు ఉన్నన్ని రోజులు నాకు గుడ డౌట్ ఉండె. గదే జాగ, గదే ఇనుప చట్రం. ఒకటి ఏప్రిల్‌ది, ఒకటి జూన్‌ది. రెండిట్ల గట్లనే తెల్లగ. మల్లొకరోజు చూస్తె అసుంటియి ఒక్కొక్కటే మిగిలినయ్. నా పని సగమైందని ఖుషీ అయిన."

వైశాలి చేతిలోని గరిటను గిన్నెలో పెట్టలేదు; గిన్నె పక్కన, బల్ల మీద పెట్టింది.

"డుప్లికేట్లు," అంది. "నేనే తీసేశాను."

అంతకుముందు ఆమె చెప్పులూ బూట్లూ అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో పనిచేసింది. ఒకే చెప్పు ఫోటో రెండుసార్లు వస్తే ఒకటి తీసేయాలి. లేకపోతే లెక్క తప్పుతుంది. ఆమె వృత్తిలో అది శుభ్రత, చేయకపోతే నవ్వుతారు. రెండు ఫోటోలు దాదాపు ఒకేలా ఉంటే మొదటిదాన్ని ఉంచి రెండోదాన్ని పక్కకు తోసే ప్రోగ్రాం రాసి, చేరిన మూడో నెలలోనే హెర్ ఫోగ్ట్ మెప్పు పొందింది. ఆమె తెలివితక్కువతనం ఇందులో ఏమీ లేదు. చెప్పుకు ఏప్రిల్, జూన్ అనేవి ఉండవు, పగడానికి ఉంటాయి. జరిగిన తేడా అంతే.

అయితే ఫలితం ఎలా తిరిగిందో చూడండి. ఏప్రిల్‌లో తెల్లగా ఉండి, తర్వాత చచ్చి, జూన్‌కు నాచు పట్టిన పగడం ఫోటోలు రెండూ వేర్వేరుగా ఉంటాయి; ప్రోగ్రాం రెండింటినీ ఉంచింది; నబీలా రెండింటినీ చావుగానే రాసింది. ఏప్రిల్‌లోనూ జూన్‌లోనూ తెల్లగానే నిలబడిన పగడం ఫోటోలు ఒకేలా ఉంటాయి. ప్రోగ్రాం జూన్‌దాన్ని తీసేసింది. ఏప్రిల్‌దాన్ని నబీలా చావుగా రాసింది. చచ్చినవి రెండుసార్లు లెక్కకు వచ్చాయి. బతికినవాటికి సాక్ష్యం పోయింది.

ఈ క్రమమంతా నేను బల్ల దగ్గర చెప్పాను. చివర, "మారకపోవడమే దాని ప్రాణానికి రుజువు. నువ్వు మారనివాటినే ఏరి తీసేశావు," అన్నాను.

"అమ్మా, అన్నం తినే దగ్గర క్లాసు వద్దు," అంది వైశాలి. ఆమె అన్నం తినలేదు.

మర్నాడు, ఆదివారం, ఇద్దరం ఇసార్ ఒడ్డున నడిచాం. ఎండ కాసింది. మ్యూనిక్ జనమంతా గులకరాళ్ళ మీద, ఒకరికొకరు దూరంగా, దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు.

"తీసేసినవి ఉన్నాయా, పోయాయా?" అని అడిగాను.

"ఉన్నాయి. ఏదీ పూర్తిగా చెరపం. అది కాదమ్మా సంగతి. సెప్టెంబర్ ముప్పై దాకా నాకు ప్రొబెట్సైట్, మన ప్రొబేషనే. ఈలోపు కారణం చెప్పకుండా పంపించేయొచ్చు. ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు ఈ ఉద్యోగం మీద ఉంది. శ్రీచరణ్‌దీ మనోజ్ఞదీ నా కార్డు మీద ఉన్నాయి. నీ వీసా పొడిగింపుకి హామీ కూడా నాదే. నువ్వేమో ఒక దిబ్బ గురించి మాట్లాడుతున్నావు."

"నేను నీ గురించే మాట్లాడుతున్నాను. పదకొండు శాతం అని నీ లెక్క చెబితే నాలుగో బ్లాకు బయటి మండలంలోకి పోతుంది. కాలువ తవ్వుతారు. తవ్వితే బురద లేచి దిబ్బ మీద పడుతుంది. ఆకలితో ఉన్న పగడం దాన్ని దులుపుకోలేదు. ఏడాది తిరక్కుండా చస్తుంది. అప్పుడు ఎవరైనా వెళ్ళి చూస్తే నీ నివేదిక అక్షరాలా నిజమై కనిపిస్తుంది. చచ్చిందని నువ్వు రాశావు కాబట్టి చస్తుంది."

ఆమె కాలితో ఒక గులకరాయిని నీళ్ళలోకి తోసింది. తర్వాత అడిగింది:

"అప్పట్లో పగడం తవ్వి కాల్చే సున్నం బట్టీలవాళ్ళ మీద నువ్వు రిపోర్టు రాశావు కదా. ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక రాశావా, ముందా?"

"అయ్యాక."

"అదీ సంగతి."

  వెనక్కి వచ్చేటప్పుడు వంతెన మీద ఆమే అంది: "రేపు ఫోగ్ట్‌తో చెప్తాను. చెప్పడం వరకే. తర్వాత ఆయన ఇష్టం."

చెప్పింది. హెర్ ఫోగ్ట్ చెడ్డవాడు కాదు. ఈ కథలో దుర్మార్గుడి కోసం వెతికితే నాకు ఎవరూ దొరకలేదు. ఆయన శ్రద్ధగా విని, మధ్యంతర అంకెలు ఇప్పటికే ఆ దేశానికి చేరాయనీ, వాటి మీద రేవువాళ్ళు మ్యాపులు గీస్తున్నారనీ, జూన్ ఫోటోలను వచ్చే ఏడాది రెండో విడతలో అనుబంధంగా చేర్చవచ్చనీ చెప్పాడు. తర్వాత, తెల్లబడటానికీ చావుకూ తేడా నీకెలా తెలిసిందని అడిగాడు. వైశాలి అబద్ధం ఆడటంలో ఎప్పుడూ వెనకబడే ఉంది. వంట సంగతి ఒక్కసారి చెప్పింది, రెండోసారి చెప్పలేకపోయింది.

"మా అమ్మ పగడాల శాస్త్రవేత్త," అంది.

 తర్వాత ఆయన అదే మర్యాదతో అన్న మాటల సారాంశం ఇది: అంటే క్లయింటు ఫోటోలను బయటివ్యక్తి చూశారు. ఇంటినుంచి పనిచేసే నిబంధనలకు అది విరుద్ధం. ఈసారికి వదిలేస్తున్నాను. మీ అమ్మగారు ఇక తెర చూడకూడదు. ఆమె చెప్పిన ఏ అభిప్రాయమూ మన పనిలో కనిపించకూడదు.

సాయంత్రం వైశాలి ఈ మాటలు నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో నేను ఎదురుచూసిన ఉపశమనం లేదు. వెలిసిపోయిన కోపం ఉంది.

"ఆయన నిబంధన సరైనదే," అన్నాను. "నేను చూడకూడదు, చూడను. నా మాట నివేదికలో ఉండకూడదు, ఉండదు. తెర మీద ఉన్నది నువ్వు చూడు. పుస్తకాల్లో అందరికీ తెలిసిన ప్రశ్నలు నేను అడుగుతాను. జవాబులు నీవి."

"ఇది వాదన కోసం వాదన."

"నియమాన్ని అక్షరం జారకుండా పాటించడం వాదన ఎలా అవుతుంది? శ్రీచరణ్, నా కుర్చీ కిటికీ వైపు తిప్పు."

శ్రీచరణ్ తిప్పాడు. "అత్తయ్యగారు తెరకు వీపు పెట్టి కూర్చున్నారని ఏ కోర్టులోనైనా సాక్ష్యం చెప్తానండీ. నా జర్మన్‌కి జడ్జిగారే పారిపోతాడు."

అలా జులై నెల శనివారాలు మా ఇంట్లో మౌఖిక పరీక్షలు జరిగాయి. నేను కిటికీలోంచి ఎదురింటి బాల్కనీలోని జెరేనియం పూలు చూస్తూ కూర్చునేదాన్ని. నా వెనక వైశాలి, నబీలా ఏప్రిల్ ఫోటోనూ జూన్ ఫోటోనూ పక్కపక్కన పెట్టుకుని కూర్చునేవారు. నేను కొంచెం మెడ తిప్పితే చాలు, మనోజ్ఞ బొమ్మలు వదిలేసి వచ్చేది.

"అమ్మమ్మా, నిష్ట్ షావెన్. నువ్వు చూడకూడదు."

"చూడటం లేదే తల్లీ, మెడ పట్టేసింది."

"నైన్, కాదు. చూశావ్."

వైశాలి మొదటిరోజే నన్ను గట్టిగా నిలదీసింది.

"జూన్‌లో తెల్లగా ఉన్నది ఫోటో తీసిన వారం ముందే చచ్చి ఉండొచ్చు కదా? నాచు మొలవడానికి టైం లేక తెల్లగా ఉండొచ్చు. అప్పుడు నీ సిద్ధాంతం పోయింది."

ఆ ప్రశ్న నా విద్యార్థుల్లో అడిగినవాళ్ళు తక్కువ. నా సంతోషం కిటికీ అద్దానికి మాత్రమే తెలిసింది.

"పెద్దది చేసి చూడు. ప్రాణి కూర్చునే గూటి గుంటల అంచులు ఎలా ఉన్నాయి? రంపపు పళ్ళలా పదునుగానా, తడిగుడ్డ కప్పినట్టు మెత్తగానా?"

"మెత్తగా."

"అక్క, ఇటు చూడు," నబీలా గొంతు. "ఈ కొనల మీద సన్నగ వెంట్రుకల లెక్క ఉన్నది. నాచు కాదు. గుంట గుంటకు ఒక కట్ట ఉన్నది, గాజు తీరు."

"గుంటలోంచే వస్తున్నాయా, గుంటల మధ్య నుంచా?"

"గుంటలకెల్లే ఆంటీ."

"అవేమిటో పుస్తకంలో చూసి నువ్వే రాయి. నేను చెప్పను. చెప్పకూడదు."

నబీలా పుస్తకం తీసి చదివి నెమ్మదిగా అంది: "చేతులు ఆంటీ. దాని చేతులే అవి. తిండి కోసం బయట పెట్టింది."

 

ఆ మూడు శనివారాలూ అలాగే నడిచాయి. అంచులు పదునుగా ఉన్నవాటిని చావుగానే ఉంచారు; ఒకటి రెండు చోట్ల నేను జాలిపడితే వైశాలి ఒప్పుకోలేదు. "నువ్వు చూడలేదు, నేను చూశాను. అది పోయింది," అనేది. ఒక్కో చోటును ఒక్కసారే లెక్కించి, తెలిసినవాటిని తెలిసినట్టు, తెలియనివాటిని తెలియదనే రాసి కూడితే నాలుగో బ్లాకులో బతికిన పగడం ముప్పై నాలుగు శాతానికి తేలింది. అందులో చాలా భాగం తెలుపే.

ఆ దేశపు అధికారులతో సమావేశం జులై 23న. దానికి ముందురోజు హెర్ ఫోగ్ట్ ఫోన్ చేసి, మధ్యంతర అంకెలను ధ్రువీకరిస్తే చాలనీ, ఇది మామూలు లాంఛనమనీ చెప్పాడు. వైశాలి సరేనని అనలేదు, కాదనీ అనలేదు. నేను అడగలేదు. అడిగితే ఆమె నిర్ణయంలో నా వేలు ఉన్నట్టవుతుంది.

ఆ ఉదయం నేను వంటింట్లో ఉన్నాను. వైశాలి హెడ్‌ఫోన్ పెట్టుకుంది కాబట్టి అవతలి మాటలు నాకు వినపడలేదు. ఆమె మాటలు మాత్రమే విన్నాను. వాటిని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"గుడ్ మార్నింగ్."

"లేదు, ధ్రువీకరించను."

"ఎందుకంటే ఆ అంకె తప్పు. తప్పు నాది. జూన్ ఫోటోలను డుప్లికేట్లనుకుని నేనే తీసేశాను."

"పది నిమిషాల క్రితం సమావేశంలో ఉన్న అందరికీ పంపాను. జతలు జతలుగా ఉన్నాయి."

"అవును, క్లయింటుకు కూడా."

చాలాసేపు ఆమె ఏమీ అనలేదు. కుక్కరు కూత వేయబోతుంటే శ్రీచరణ్ మంట ఆర్పేశాడు. తర్వాత వైశాలి, "థాంక్యూ," అంది. ఇంకాసేపటికి, "నాకు అర్థమైంది, హెర్ ఫోగ్ట్," అంది.

ఆ నిశ్శబ్దంలో జరిగినది శనివారం నబీలా చెప్పింది. ఆ పార్కు వార్డెన్ ఒక నడివయసు ఆవిడ. అంతసేపూ కెమెరా ఆపి ఉన్న ఆమె దాన్ని ఆన్ చేసి, మా గార్డులు రెండుసార్లు దిగారు, రెండోసారి తీసిన ఫోటోలు ఏమయ్యాయని నెలనుంచి నన్ను అడుగుతున్నారు, వాళ్ళకు నేనేం చెప్పాలి, అని హెర్ ఫోగ్ట్‌ను అడిగిందట. కొత్త అంకెలతోనే నివేదిక కావాలని ఆ తర్వాత చెప్పిందట.

"ఆయన ముఖం ఎట్లున్నది?" అని శ్రీచరణ్ ఆమె యాసలోనే అడిగాడు.

"తెల్లగ," అంది నబీలా. "బతికే ఉన్నడు కానీ."

వైశాలి నవ్వలేదు. "నీ పేరు ఎందుకు పెట్టుకున్నావే ఆ ఫైలులో? నేను తీసేశాను కదా," అని నబీలాను కోప్పడింది.

"లేబుల్స్ నావి అక్కా. తప్పు పెట్టింది నేను, సరి చేసింది నేను. నడిమిట్ల నువ్వెవరు తీసెయ్యనికె?"

సంస్థ ఆగస్టులో సవరించిన నివేదిక ఇచ్చింది. హెర్ ఫోగ్ట్ దాన్ని చక్కగా రాశాడని వైశాలి ఒప్పుకుంది. సెప్టెంబర్ రెండో వారంలో ఆమెకు కాగితం వచ్చింది. ప్రొబెట్సైట్‌లో ఉద్యోగం ముగిస్తున్నాం, రెండు వారాల గడువు, శుభాకాంక్షలు. కారణం రాయలేదు, చట్టం ప్రకారం రాయనక్కరలేదు. నబీలాను ఉంచుకున్నారు. తెల్లగా ఉండి బతికినదానికి రూల్ షీటులో కొత్త గడి చేర్చారు, అది నింపడం వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు కావాలి కదా.

శ్రీచరణ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "డిక్షనరీ చూడకుండా అర్థమైన మొదటి జర్మన్ ఉత్తరమండీ ఇది. నా కోర్సు వృథా పోలేదు," అన్నాడు. ఆ తర్వాత బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వైశాలి బల్ల తుడుస్తోంది. ఆఫీసువాళ్ళ తెరను అట్టపెట్టెలో పెట్టేసింది; దాని చోటు అంతవరకు మేం చూడనంత ఖాళీగా కనిపించింది.

"నా మీద కోపంగా ఉందా?" అని అడిగాను.

"ఉంది."

"ఎన్నాళ్ళు ఉంటుంది?"

"తెలీదు. నెలకో ఫోటో తీసి పెట్టనా, పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి?" తడిగుడ్డ పిండుతూ అంది. "ఇంకో ఉద్యోగం మూడు నెలల్లో చూసుకోవాలి. లేకపోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి. మనోజ్ఞకి నువ్వు చెప్తావా ఆ మాట? నేను చెప్పలేను."

"చెప్తాను. ఉన్నది ఉన్నట్టే చెప్తాను."

"అదే భయం," అంది. ఆ రోజు మొదటిసారి నా వైపు చూసింది. "అమ్మా, నీ బలవంతం మీద చేశానని మాత్రం ఎవరికీ చెప్పకు. శ్రీచరణ్‌కి కూడా. కుర్చీ తిప్పుకుని కూర్చున్నావు అంతే. చూసింది నేను."

"అదే చెప్తాను. అదే నిజం కూడా."

ఆ నెలాఖరున ప్రత్యేక విమానంలో నాకు సీటు దొరికింది. నేను వచ్చేసే రోజుకు ఆమె పదహారు దరఖాస్తులు పంపి ఉంది. విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంటు కోసం ఫోన్ పట్టుకుని కూర్చుని, వెళ్ళొస్తానంటే చెయ్యి మాత్రం ఊపింది. అవతల ఎవరో లైన్‌లోకి రావడంతో, "ఉద్యోగం ఎందుకు పోయిందా? నేను ఒక అంకె ఒప్పుకోలేదు కాబట్టి," అని జర్మన్‌లో చెబుతోంది. ఆ వాక్యం నాకు అర్థమైంది. గొంతు తగ్గించి చెప్పడం లేదు.

గడువుకు పది రోజుల ముందు, డిసెంబరులో, వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల పరిశ్రమకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక సంస్థ ఆమెను తీసుకుంది. ఆ రక్షిత ప్రాంతం సరిహద్దులు 2022 మే నెలలో వెలువడ్డాయి. నాలుగో బ్లాకు లోపలి మండలంలో ఉంది. ఓడల కాలువను ఉత్తరంగా, ఇసుక నేల మీదుగా తవ్వారు. 2024లో ఆ నీరు మళ్ళీ వేడెక్కింది. ఆ ఏడాది చివరి లెక్కలో నాలుగో బ్లాకులో బతికిన పగడం ఇరవై ఆరు శాతం.